మొదటి మూత

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక మాట. ఒక ఆడమనిషితో, పట్టపగలు, నా దుకాణం ముందు స్టూలు మీద కూర్చొని అన్న మాట. అనడానికి ఎంతోసేపు పట్టలేదు. దించుకోవడం మాత్రం ఇప్పటిదాకా చేత కాలేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదయింది. తెలిసినవాళ్ల ముందు మొదలుపెడితే మధ్యలో వాళ్ల ముఖం చూసి మాట మారుస్తాను. నా సంగతి నాకు తెలుసు కదా. బతుకంతా ఎదుటివాళ్ల ముఖం చూసి మాట మార్చినవాణ్ణే. అందుకే నా పేరు చెప్పను. మిగతావాళ్ల పేర్లు మార్చి చెబుతాను. ఊరు మాత్రం మార్చలేను. కొల్లాపూర్ మామిడితోటలు లేకుండా ఈ సంగతి ఎట్లా చెప్పాలో నాకు తెలియదు.

నాకు చిన్న ఇంజన్లు బాగుచేసే దుకాణం ఉండేది. పైన రేకులు, ముందు నాపరాళ్లు. మందు కొట్టే పంపులు, నీళ్ల ఇంజన్లు, చెట్లు కోసే రంపం మిషన్లు వచ్చేవి. తెలంగాణ వచ్చిన కొత్తలో ఈ రంపం మిషన్లు ఒక్కసారిగా ఎక్కువయ్యాయి. గొడ్డళ్లు పట్టినవాళ్లంతా మిషన్లు పట్టారు. తోటలవాళ్లు కాపు తగ్గిన ముసలి చెట్లు తీసేసి కొత్త అంట్లు పెడుతుండేవాళ్లు, పనికి కొదవలేదు. నాకు ఒక పేరు కూడా ఉండేది. మిషన్ చప్పుడు విని రోగం చెప్పేస్తాడని. నిజంగానే చెప్పేవాణ్ణి. కళ్లు మూసుకొని వినేవాణ్ణి, ఆ చప్పుడు లోపల ఎక్కడ బరుకుతున్నదో, ఎక్కడ ఊపిరి పోతున్నదో తెలిసేది. అప్పుడు నా చుట్టూ నిలబడ్డవాళ్ల ముఖాలు చూడాలి మీరు. ఆ ముఖాలంటే నాకు ఎంత ఆశో!

కుర్మయ్య, బాలమణి నా దగ్గరికి అట్లా వచ్చినవాళ్లే. మొగుడూ పెళ్లాలు. కుర్మయ్య వాళ్ల నాయన తోటల్లో కూలికి కట్టెలు కొట్టినవాడు. కుర్మయ్యా అదే చేశాడు. గుంటెడు భూమి లేదు. ఇద్దరూ కలిసి ఎట్లా కూడబెట్టారో, ఒక రంపం మిషన్ కొన్నారు. దాన్ని కొన్న రోజు బాలమణి దాన్ని ఒళ్లో పెట్టుకొని ఆటోలో కూర్చొని వచ్చింది. దానికి పాత చీర ముక్క కప్పింది, ఎండ తగలకుండా. ఇక ఎవరి తోటకు రమ్మంటే ఆ తోటకు పరుగెత్తే పని లేదు, మీకు చెట్టు కోయాలంటే మా ఇంటికి రండి అని చెప్పే రోజు వచ్చింది వాళ్లకు. ఆ ఒక్క మిషన్ వాళ్ల తల ఎత్తించింది. ఇది మీరు మరిచిపోవద్దు.

చెట్టు మీద కుర్మయ్య, కింద బాలమణి. కొమ్మకు మోకు కట్టి, అది పడాల్సిన దిక్కుకు గుంజేది ఆమే. పెట్రోల్‌లో నూనె కలిపేది కూడా ఆమే. ఆ మిషన్లకు ఉట్టి పెట్రోలు పోస్తే లోపల కాలిపోతాయి. పెట్రోల్‌లోనే లెక్క ప్రకారం నూనె కలపాలి. ఆ లెక్క ఆమెకు నేర్పింది నేనే. దగ్గుమందు సీసా మూత ఒకటి ఇచ్చాను. ఒక సీసా పెట్రోలుకు ఈ మూతతో నాలుగు, మూత నిండుగా, అని చెప్పాను. మిషన్ దగ్గర ఆడదానికేం పని అని అక్కడ నిలబడ్డ ఎవరో నవ్వారు. బాలమణి ఊరుకుంటుందా? "మిషన్‌కేం దెలుస్తదే, పోసింది ఆడిదా మొగోడా అని!" అన్నది. నవ్వినవాడు బీడీ వెలిగించుకుంటూ అటు తిరిగాడు.

ఆమె కొలిచే తీరు చెప్పాలి. అది చెప్పకపోతే మీకేమీ చెప్పినట్టు కాదు.

మా దగ్గర వడ్లు కొలిచినా, పల్లీలు కొలిచినా, మొదటి కొలతను ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు, ఇట్లా పోతుంది. ఇంట్లోకి గింజ వచ్చేటప్పుడు మొదటి మాట మంచి మాట కావాలని పెద్దవాళ్లు పెట్టుకున్న పద్ధతి. బాలమణి నూనెను కూడా అట్లాగే కొలిచేది. మూత వంచి, సన్నటి ధార సీసాలోకి జారుతుంటే, "లాఆఆభం" అని సాగదీసేది. నూనె చిక్కన కదా, నెమ్మదిగా జారేది. ధార ఎంతసేపు ఉంటే ఆ మాట అంతసేపు ఉండేది. ఆఖరి చుక్క పడ్డాకే ఆ మాట ముగిసేది. అప్పుడు రెండు. ఆ తర్వాతి అంకెలు మామూలుగా అనేసేది. మొదటిదానికే ఆ రాగం. పొద్దున ఎండ ఆ నూనె ధారలోంచి పచ్చగా కనిపించేది. నేను చేస్తున్న పని ఆపి వినేవాణ్ణి. ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఆ పచ్చదనం కనిపిస్తుంది. ఎందుకు చూశానా అనిపిస్తుంది. చూడకుండా ఉంటే, నాకు తెలియదు అని నాకు నేను చెప్పుకొనేవాణ్ణేమో.

ఆ ఏడు దసరాకు ముందు ముసురు పట్టింది. కృష్ణ మీది నుంచి తెల్లగా ఏదో వచ్చి ఊరి మీద కూర్చున్నట్టు, ఎప్పుడు పొద్దు పొడిచిందో, ఎప్పుడు కుంకిందో తెలిసేది కాదు. కుర్మయ్య మిషన్ నా దగ్గరికి వచ్చింది. బలం తగ్గింది అన్నాడు. విప్పి చూశాను. వాళ్లు దానితో రెండు మిషన్ల పని చేయించారు మరి. పిస్టన్ మీద నిలువు గీతలు పడ్డాయి. ఇంజన్ లోపల పైకీ కిందికీ ఆడే ముక్క అది, దాని మీద గీతలు పడితే బలం ఆ గీతల సందులోంచి జారిపోతుంది. అది ఆడే గొట్టాన్ని మేము బోరు అంటాం. బోరు ఇంకా బాగుంది. పిస్టన్ మార్చితే చాలు, ఆలస్యం చేస్తే బోరు కూడా పోతుంది అని చెప్పాను. సరే మార్చు అన్నారు. దానికి ఇవ్వాల్సింది ముందే నా చేతిలో పెట్టారు. నేను పట్నం పోయి కొత్త పిస్టన్ తెచ్చాను. తెచ్చిన సాయంత్రం బాలమణి వచ్చి డబ్బా తెరిపించి చూసింది. "అబ్బ, వెండి గిన్నె లెక్క మెరుస్తాందన్నా" అని నవ్వింది. వేలితో ముట్టబోయి, చెయ్యి జిడ్డుగా ఉందని కొంగుకు తుడుచుకొని, అయినా ముట్టుకోకుండానే పోయింది.

మరునాడు పటేలు వచ్చాడు.

ఊరి అవతల పెద్ద తోట ఆయనది. గొడుగు పట్టుకొని స్వయంగా వచ్చాడు, వెనక మనిషి మిషన్ మోసుకొచ్చాడు. అదే కంపెనీ, అదే సైజు. విప్పితే పిస్టన్ పోయింది. ఎప్పటికవుతుంది అని అడిగాడు. అంతే, అడిగింది అంతే. ఇంత అర్జెంటు అనలేదు, కోపం చేయలేదు, నా గూట్లో ఏముందో ఆయనకు తెలియదు. కొత్తది తేవాలి పటేలా, వారం పడుతుంది అంటే, సరే అని పోయేవాడేమో. నేను ఆయన ముఖం చూశాను. నా చెయ్యి గూట్లోకి పోయింది. "ఉన్నది పటేలా, మీ కోసమే తెచ్చి పెట్టిన" అన్నాను.

ఎందుకన్నాను? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. భయమా? ఆయన నన్ను ఏనాడూ భయపెట్టలేదు. ఆశా? ఎక్కువేం ఇవ్వలేదు. ఆయన "భలే ఉన్నవుపో" అన్నాడు. ఆ మాట కోసమా? అవును. ఆ ఒక్క మాట కోసమే. మా నాయన అలాంటివాళ్ల ముందు చెప్పులు చేతిలో పట్టుకొని నడిచాడు, నేను స్టూలు మీద కూర్చొని వాళ్లతో భలే అనిపించుకున్నాను. సిగ్గు లేని ముండాకొడుకును. ఎవరి వస్తువు పెట్టి అనిపించుకున్నాను?

పటేలు మిషన్ పొద్దు కుంకేలోపు పాడుకుంటూ పోయింది. ఇక నా ముందు కుర్మయ్య మిషన్ ఉంది. పండగలోపు ఇస్తానని చెప్పి ఉన్నాను. పిస్టన్ రాలేదని చెప్పే వీలు లేదు, బాలమణి కళ్లారా చూసింది. పటేలుకు ఇచ్చాను అని చెప్పవచ్చు. చెప్పి, తిట్లు తిని, మళ్లీ పట్నం పోయి తేవచ్చు. అంత సులువైన పని ఎందుకు అంత కష్టమైందో ఇప్పటికీ అర్థం కాదు.

పాత పిస్టన్ అరచేతిలో పెట్టుకొని కూర్చున్నాను. చినుకులు రేకుల మీద పడుతున్నాయి. ఒక్కొక్క చినుకు విడిగా వినిపించేంత నెమ్మది వాన. పిస్టన్‌ను తిప్పుతున్నాను. మా పనిలో ఒక పరీక్ష ఉంది. గీత మీద అడ్డంగా గోరు పెట్టి నడపాలి. గోరు జారిపోతే ఆ ముక్క ఇంకా పనికొస్తుంది. గోరు ఆగితే పనికిరాదు. గోరు అబద్ధం చెప్పదు అని నాకు పని నేర్పిన ఉస్తాద్ అనేవాడు. నేను గోరు పెట్టాను. ఆగింది. ఇంకోచోట పెట్టాను. ఆగింది. కొంచెం మెల్లగా నడిపాను. ఆగలేదనిపించింది. ఆగిందా? ఆగలేదు. ఇంకా మెల్లగా. వానలో కూర్చొని ఒక మనిషి తన గోరును తానే ఒప్పిస్తున్నాడు చూడండి. ఎంతసేపు అట్లా ఉన్నానో. బోరును వెలుతురుకేసి పట్టి లోపలికి చూశాను, అవతలి కొస నుంచి మబ్బు ఒక రూపాయి బిళ్లంత గుండ్రంగా కనిపించింది. అందులో ఏ గీతా లేదు. ఏదో ధైర్యం వచ్చింది. సన్నటి ఉప్పుకాగితం తీసుకొని పిస్టన్‌ను రుద్దాను. గీతల అంచులు మెత్తబడ్డాయి. ఇప్పుడు గోరు జారింది. జారుతుంది మరి, అంచు తీసేసినాక! లోపలి గుంట లోపలే ఉంది.

పిస్టన్ చుట్టూ ఉండే రింగు కూడా పాతదే వేశాను. బిగించాను. స్టార్టు చేసే తాడు పట్టుకొని మిషన్‌ను వేలాడదీశాను. లోపల బలం ఉంటే అది తన బరువుకు తాను ఆగి ఆగి కిందికి దిగుతుంది. ఇది ఆగకుండా జర్రున జారింది. రెండోసారి వేలాడదీయలేదు. వారం ఆగి పట్నం పోయినప్పుడు ఇంకొకటి తెచ్చి, ఏదో సాకు చెప్పి మిషన్ తెప్పించుకొని, ఎవరికీ తెలియకుండా మార్చేస్తాను అనుకున్నాను. ఒట్టు, నిజంగానే అనుకున్నాను. ఆ వారం రాలేదు. వచ్చే వారం ఎప్పుడూ ఉంటుంది కదా, ఆ ధీమాతోనే మనుషులు పాడైపోతారేమో.

ఇక్కడ ఇంకొక పద్ధతి ఉంది. కొత్త సామాను వేస్తే తీసిన పాత సామాను పేపర్లో చుట్టి మిషన్‌తో పాటు ఇవ్వాలి. మార్చినట్టు అదే సాక్ష్యం. పటేలులాంటివాళ్లు అడగరు. కుర్మయ్యలాంటివాళ్లు తప్పకుండా అడుగుతారు. పటేలు మిషన్‌లోంచి తీసిన పిస్టన్ నా బల్ల మీదే పడి ఉంది. దాన్ని పేపర్లో చుట్టాను. బాలమణి మిషన్‌ను కుర్మయ్య భుజానికెత్తి, ఆ పొట్లాన్ని తాను రెండు చేతులా పట్టుకొని పోయింది.

దసరా నాడు నన్ను అన్నానికి పిలిచారు. పోకుండా ఉండాల్సింది. పోయాను. పనిముట్లకు పూజ చేసే రోజు కదా, గోడకు ఆనించి మిషన్ పెట్టారు, గొడ్డలి పెట్టారు, కొడవలి పెట్టారు. అన్నింటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. మిషన్ ముందు ఒక తమలపాకు. ఆకు మీద ఆ పిస్టన్. దానికీ బొట్టు పెట్టింది బాలమణి.

"గిదెందుకు, పాతదేనాయె" అన్నాను.

"అట్లంటవేందన్నా. ఇన్నొద్దులు మా కడుపులకు బువ్వ పెట్టింది గిదే గదా. పని సాలిచ్చిందని పారేస్తమా?" అన్నది. దాన్ని తీసి అరచేతిలో పెట్టుకొని చూపించింది. "సూడు, యాడ గీసుకున్నదో. మేం సర్కారు తుమ్మ మొద్దులు కోసినం సూడు, గప్పుడే అయిందిది."

ఆ గీత పటేలు తోటలో పడ్డ గీత. ఆమె ఏనాడూ చూడని చెట్ల మీద. కుర్మయ్య దానికి దండం పెట్టుకున్నాడు. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నా ఎదురుగా వాళ్ల అసలు పిస్టన్ ఆ మిషన్ కడుపులో ఉంది, బయట ఇంకొకడిది బొట్టు పెట్టించుకుంటోంది. అప్పుడు చెప్పి ఉంటే! పండగపూట, మంచి మనసుతో ఉన్నారు, కొంచెం బాధపడి నవ్వేసేవాళ్లు. బాలమణి నా ఆకులో మటన్ వడ్డించింది. ఇంకొంచెం అన్నది. వేయించుకున్నాను. తిన్నాను. రుచిగా ఉందని కూడా చెప్పాను.

పండగ పోయి ఎండలు కాసి పని మొదలైంది. ఒక ముసలి మామిడి మొదలు కోస్తుండగా, సగంలో, మిషన్ ఆగిపోయింది. తాడు గుంజితే కదలలేదు. పట్టేసింది. నా దగ్గరికి తెచ్చి పెట్టి, పొద్దున వస్తామని పోయారు. నేను ఒక్కణ్ణే విప్పాను. రింగు విరిగింది. ఆ విరిగిన ముక్క బోరును గోకి గోకి పెట్టింది. పిస్టన్ కాలి దానికి అతుక్కుపోయింది. తెలిసిన చోట, తెలిసిన గీతల దగ్గర. పిస్టన్ ఒక్కటే కాదు, ఇప్పుడు బోరు కూడా పోయింది. మళ్లీ దాన్ని నిలబెట్టాలంటే దాదాపు ఇంకో మిషన్ కొన్నంత. వాళ్ల తరం కాదు. అది కూడా నాకు తెలుసు.

పొద్దున వచ్చారు. ఆ మాటలు ఇన్నేళ్లలో ఒక్క అక్షరం చెరగలేదు.

"ఏమైందన్నా?" అన్నాడు కుర్మయ్య.

"పట్టేసింది. బోరు గూడ ఖరాబైంది."

"గదేందే? మొన్ననే గదా కొత్త పిస్టనేస్తివి!"

"పిస్టన్‌ది తప్పు లేదు. నూనె తక్కువైంది. నూనె తక్కువైతే ఎంత కొత్తదైనా కాలుతది."

నేను బాలమణి వైపు చూడలేదు. ఆమే ముందుకొచ్చింది. "నూనె నేను పోసిన గదన్నా. నువ్వు సెప్పినట్లే పోసిన. లాభం, రెండు, మూడు, నాలుగు."

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో, అంత తెలివి. "గా లాభం కాడనే వచ్చింది తిప్పలు. లాభం అని నోటితోని అంటివి. మూత పోసినవా? లేకుంటె ఉత్తగ లాభమని, రెండు కాణ్ణుంచి పోసినవా? జర యాది జేసుకో."

ఆమె నోరు తెరిచింది. తన కుడిచెయ్యి వైపు చూసుకున్నది, అక్కడ ఇంకా మూత ఉన్నట్టు. వేళ్లు వంచింది. పెదవులు కదిలాయి, మనసులో కొలుస్తున్నది. నేను చూస్తూ ఉన్నాను. రోజూ చేసే పని కదా, ఏ రోజుది ఏ రోజో ఎవరికి యాదికుంటుంది?

"పోసినన్నా" అన్నది. మళ్లీ, "పోసిన..." అన్నది. తర్వాత చాలా చిన్నగా, "ఏమో" అన్నది.

కుర్మయ్య ఆమెను ఒక్క మాట అనలేదు. "పోనియ్. అన్నకు అబద్ధం సెప్పాల్సిన పనేమున్నది" అన్నాడు. మిషన్‌ను గోనెసంచిలో వేసుకున్నాడు. ఆ రోజు పాత సామాను ఎవరూ అడగలేదు. కాలిన పిస్టన్ నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడూ ఉంది, కిటికీలో.

ఒక మాట. ఒక మూత తక్కువైనా ఒక్కపూటలో మిషన్ అట్లా కాలదు. చప్పుడు విని రోగం చెప్పేవాణ్ణి, నాకు ఆపాటి తెలియదా? తెలిసే అన్నాను.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించుకోగలరు. గోనెసంచి మళ్లీ విప్పలేదు వాళ్లు. కుర్మయ్య పటేలు తోటలో పనికి కుదిరాడు. ఇద్దరూ అక్కడే గుడిసెలో ఉండి కావలి కూడా చూస్తారు. పటేలు మిషన్‌తో చెట్లు కోసేది కుర్మయ్యే. కూలికి. ఆ దారిన పోతే దూరం నుంచి వినిపిస్తుంది, గట్టి చప్పుడు, ఊపిరి ఎక్కడా జారకుండా. అందులో ఆడుతున్నది ఎవరి పిస్టనో ఈ లోకంలో నా ఒక్కడికే తెలుసు. తనది తన చేతుల్లోనే ఉంది, తనది కాకుండా. అక్కడ నూనె కలిపేది పటేలు మనిషి. బాలమణిని ఆ సీసా ముట్టనియ్యరు. మిషన్ ఖరాబు చేసిన బాలమణి అని ఆమెకు పేరు పడింది. ఎవరైనా నవ్వితే ఆమె ఇప్పుడు ఎదురు చెప్పదట.

కొత్త జిల్లాలు వచ్చాయి. దుకాణం కొన్నేళ్లు నడిపాను. చేతులు వణకడం మొదలయ్యాక మూసేశాను. మధ్యాహ్నం కునుకు తీస్తే ఒకే కల. తాడు పట్టుకొని మిషన్ వేలాడదీస్తాను, అది జారుతుంది, జారుతూనే ఉంటుంది, తాడు అయిపోదు, కింద నేల ఉండదు. ఎక్కడో లోతున, పచ్చటి వెలుతురులో, ఎవరో లాభం అని సాగదీస్తుంటారు. ఆ మాట అయిపోతే మిషన్ ఆగుతుందని కలలో నాకు తెలుసు. మాట అయిపోదు. మేలుకుంటే గదిలో నూనె వాసన ఉన్నట్టే ఉంటుంది. భయం వేయదు. ఏడుపొస్తుంది.

పోయిన ఎండకాలం మామిడికాయలకని పటేలు తోటకు పోయాను. ఎన్నో చోట్ల దొరుకుతాయి, అక్కడికే ఎందుకు పోయానో మీకు వేరే చెప్పాలా? చెట్ల కింద చల్లగా, ఆకుల మీది ఎండ నేల మీద ఊగుతూ ఉంది. గడ్డి పరిచి దాని మీద పండ్లు పోసి ఉన్నాయి. బాలమణి కూర్చొని ఉంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచింది. "ఏమన్నా, మంచిగున్నవా? ఇంత సిక్కిపోయినవేంది?" అన్నది. నా సంచి తీసుకొని తానే ఏరి పండ్లు వేయడం మొదలుపెట్టింది. మచ్చ లేనివి చూసి.

"ఒకటి" అన్నది. "రెండు. మూడు."

తోటలో ఎవరు కొలిచినా, ఎవరు లెక్కపెట్టినా మొదట వచ్చేది ఆ మాటే. పక్క చెట్టు కింద ఇంకొక ఆమె అట్లాగే లెక్కపెడుతున్నది, నాకు వినిపిస్తూనే ఉంది. "లాభం అనవా బాలమణీ?" అన్నాను. ఎందుకడిగాను?

ఆమె తలెత్తకుండానే చెప్పింది. "లాభం అంటే నాకు లెక్క తప్పుతది గదన్నా. నువ్వే సెప్తివి."

కోపం లేదు ఆ గొంతులో. ఎత్తిపొడుపు లేదు. నేను ఆమెకు చేసిన మేలును యాది చేసినట్టు అన్నది. ఆమె ఎప్పటి నుంచో అట్లాగే లెక్కపెడుతున్నదట, బియ్యం కొలిచినా, పండ్లు ఏరినా. ఆ ఊళ్లో అందరి నోట్లో ఉండే మంచి మాటను ఆమె ఒక్కతే తన నోట్లోంచి తీసేసుకున్నది. నేను తీయించాను.

చెప్పాలని నోటిదాకా వచ్చింది. కాలిన పిస్టన్ జేబులోనే ఉంది, ఆ రోజు వెంట తీసుకొనే పోయాను. జేబులో చెయ్యి పెట్టి పట్టుకున్నాను. గోరు గీత మీద ఆగింది. చెబితే ఆమె ఏమంటుందో నాకు తెలుసు. "పోనియ్ అన్నా" అంటుంది. ఆమె అలాంటిదే. ఆ మాట నాకు దక్కకూడదనిపించింది. దక్కకూడదా, లేక ఇదీ ఇంకొక సాకేనా? ఆమె నన్ను పోనిచ్చినా, ఇన్నేళ్లు తన చేతిని తాను నమ్మకుండా బతికింది కదా, దాన్ని ఎవరు పోనిస్తారు? నేను ఎదుట నిలబడి చెప్పాల్సిన మాటను మీకు చెప్పుకుంటున్నాను, ముఖం కనిపించని మీకు. పిరికివాణ్ణి. సంచి భుజాన వేసుకొని వచ్చేశాను. ఆ పండ్లు ఎవరం తినలేదు. మెత్తబడి, వాసనొచ్చి, పారబోశాను.

ఇదంతా చెప్పాను గానీ, చెప్పాల్సిన అసలు మాట ఇంకా చెప్పలేదని నాకు తెలుసు. చుట్టూ తిరుగుతున్నాను. చెబుతాను.

ఆ పొద్దున, మిషన్ పట్టేసిన రోజు పొద్దున, వాళ్లు తోటకు పోతూ నా దుకాణం ముందే ఆగారు. నాపరాయి మీద సీసా పెట్టి నూనె కలుపుకున్నారు. నేను లోపల ఉన్నాను, చేతిలో పని ఆపి ఎప్పటిలాగే విన్నాను, చూశాను. బాలమణి మూత వంచింది. ధార పచ్చగా సన్నగా జారింది. ఆమె లాభం అన్నది. ఆఖరి చుక్క పడేదాకా అన్నది. మొదటి మూత పోసింది. నిండుగా పోసింది.

నేను చూశాను.